అర్థం పోయిన మాట ఎవరిది?

షేక్స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకంలో కాలిబన్ బానిస. దీవి తనదంటాడు; పెత్తనం పరాయివాడిది. కొత్త యజమాని దొరికాడనుకుని, తన దీవిలోని తిండి గురించి చెబుతూ, రాళ్లమీంచి ‘స్కామెల్’ పిల్లల్ని పట్టితెస్తానంటాడు. స్కామెల్ అంటే ఏమిటి? విద్యార్థిగా చదివినప్పుడు నేను పుట అడుగున వ్యాఖ్య చూసి దాటిపోయాను. పక్షి కావచ్చు, రాతికంటుకుని బతికే గుల్లజీవి కావచ్చునని పండితుల ఊహలు. నిర్ధారణ నేటికీ లేదు.

నాటకం మొదట అచ్చయింది 1623లో. అప్పటికి రచయిత చనిపోయి ఏడేళ్లు. కనుక అది అచ్చుతప్పేనన్న వాదాన్ని కొట్టిపారెయ్యలేం. అయితే తప్పో ఒప్పో తేల్చగలిగిన వాళ్లు ఆనాటి తీరవాసులు. వాళ్ల మాటల్ని రాసిపెట్టినవాళ్లు బహుతక్కువ. నార్ఫోక్ తీరపు వేటగాళ్లు ఒక నీటిపక్షిని దాదాపు ఇదే పేరుతో పిలిచేవారన్న సంగతి 19వ శతాబ్దంలో గాని నమోదు కాలేదు. అంత ఆలస్యపు సాక్ష్యంతో తీర్పు చెప్పడం కష్టం.

మాట పాతబడితే అర్థం పోవడం సహజమే గదా అంటారు. నేనొప్పుకోను. ‘డియోడాండ్’ అనే మాట చూడండి. మనిషి చావుకు కారణమైన బండినో గుర్రాన్నో రాజు పేర జప్తు చేసేవారు. అలా జప్తయినదానికి ఆ పేరు. 1846లో ఆ పద్ధతి రద్దయింది. మాట వాడుకలోంచి పోయింది; అర్థం మాత్రం చెక్కుచెదరలేదు. అది రాజ్యం ఆదాయానికి సంబంధించిన మాట. కోర్టు కాగితాలు దాన్ని కాపాడాయి.

1755లో నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్, కష్టజీవుల, వర్తకుల మాటల్లో చాలావరకు నిలకడలేనివనీ, వాటిని నశించనివ్వవలసిందేననీ పీఠికలో తేల్చేశాడు. ఆయన పాండిత్యాన్ని గౌరవిస్తూనే ఆ తీర్పులోని వర్గదృష్టిని ఎత్తిచూపక తప్పదు. దానికి ఆచరణలో జవాబిచ్చినవాడు జోసెఫ్ రైట్. ఆరేళ్లకే గాడిదబండి వెంట నడిచి, ఉన్నిమిల్లులో పనిచేసి, పదిహేనేళ్లదాకా చదవడం రాని ఆ మనిషి, 1898–1905 మధ్య ఆరు సంపుటాల ఆంగ్ల మాండలిక నిఘంటువు తెచ్చాడు.

మనకూ ఆ పని జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ వృత్తిపదకోశం 1962లో వచ్చింది. పనిచేసే రైతుల నోటినుంచి సేకరించిన మాటలవి. అయినా మన కథల్లో రైతు పట్టిన ప్రతిదీ ఉత్త ‘పనిముట్టు’గానే మిగులుతోంది. నా రాతల్లోనూ ఈ లోపం ఉంది. పేరు చెప్పగల మనుషులు ఇంకా ఉన్నారు. వెళ్లి అడగనిది మనమే.