కొలబద్ద పొడవు ఎనిమిది మీటర్లు

అల్ట్రా వైడ్‌బాండ్ రేడియోను గూర్చి వ్రాయువారు తరచుగా చెప్పు మాట ఒకటి కలదు: దీనికి క్షీణత బాధ లేదని. ఇందు నిజము లేకపోలేదు. సాధారణ రేడియోలో గోడలను తాకి వచ్చిన తరంగములు అసలు తరంగముతో కలిసి, ఒక్కొక్కచోట సంకేతమునే చెరపివేయును. 500 మెగాహెర్ట్జుల వెడల్పు గల సంకేతములో ఒక్క స్పందన రెండు నానోసెకండులకు మించదు. ఆ వ్యవధిలో రేడియో తరంగము నడచునది 60 సెంటీమీటర్లే. దారులలో అంతకు మించిన తేడా యున్నచో ప్రతిధ్వనులు విడివిడిగా అందును. వానిని పోగుచేయు రేక్ గ్రాహకమునకు అవి లాభమే.

అయితే ఈ లాభమును ఏ కొలబద్దతో కొలిచిరి? 802.15.3ఎ సంఘము 2003లో నిర్ణయించిన నమూనాకు మూలము, సాలే, వాలెంజుయెలాలు 1987లో ప్రకటించిన కార్యాలయ భవనపు పరిశీలన. అందలి దూరములు పది మీటర్లతో సరి. పిమ్మట వచ్చిన 802.15.4ఎ నమూనా నిస్సందేహముగా మెరుగైనది. కర్మాగారమునకు వేరుగా చోటిచ్చినది. కాని ఆ భాగమునకు ఆధారమైన కొలతలు 2 మొదలు 8 మీటర్ల లోపలివి!

పటాన్‌చెరు మండలములోని లక్డారం రాతి క్వారీలను తలచుకొనుడు. ఒకప్రక్క నిలువునా కోసిన రాతిగోడ, వేరొకప్రక్క ఇనుప క్రషర్లు, నడుమ టిప్పర్లు. కూలివాని టోపీలో చిన్న రేడియో బిళ్ళ నమర్చి, అతడు యంత్రమునకు చేరువైనచో గంట మ్రోగు ఏర్పాటు చేసితిమనుకొందము. 2002 నాటి అమెరికా నిబంధన ప్రకారము ఆ బిళ్ళ 500 మెగాహెర్ట్జులలో వెలువరింపదగినది సగటున సుమారు 37 మైక్రోవాట్లే. టిప్పరు అడ్డువచ్చెనా, నేరుగా రావలసిన కిరణము రొదలో మునుగును. రాతిగోడ మీదుగా వచ్చినది బలముగా వినిపించును. గ్రాహకము దానినే మొదటిదని తలచినచో, పది నానోసెకండుల ఆలస్యము మూడు మీటర్ల తప్పగును. ప్రతిధ్వని వలని ఈ తప్పు ఒకేవైపునకు మొగ్గును: మనిషి ఉన్నచోటికంటె దూరముగా నున్నట్లే చూపును. గంట మ్రోగదు. పోయిన సమాచారమునైతే మరల పంపుకొనవచ్చును.

బిట్ల తప్పులను చూపు చక్కని వక్రరేఖలలో ఈ సంగతి కానరాదు. అడ్డు వచ్చినపుడు మొదటి కిరణము నూటికి ఎన్నిసార్లు దొరకినది, ఎన్ని మీటర్ల దూరమున, అను రెండు అంకెలు వక్రరేఖ ప్రక్కనే అచ్చు కావలెను. ఐ.ఐ.టి. యున్న కంది ఇదే సంగారెడ్డి జిల్లాలోనిది. కొలువదలచినవారికి క్వారీ ఎంతో దూరము కాదు. కాకపోతే పేలుడు జరిగిన ప్రతిసారి రాతిగోడ రూపు మారును గనుక, ఒకనాటి కొలత చాలదు.