బండను కౌగిలించుకోవద్దు

బండ ఎక్కుతూ భయమేస్తే మనిషి చేసే మొదటి పని దానికి అతుక్కుపోవడం. జారేది అప్పుడే. ఒళ్లు బండకు ఆనిందంటే పాదం మీది బరువు తగ్గి బూటు పట్టు వదిలేస్తుంది. నడుము కాస్త వెనక్కి పెట్టి, మడమ దించి, మునివేళ్ల కింది భాగం మీద బరువంతా మోపాలి. భువనగిరిలో నడుముకు తాడు కట్టుకున్న ప్రతివాళ్లకూ చెప్పేది ఇదే. చెవికి వెంటనే ఎక్కుతుంది, కాలికి ఎక్కడానికే చాలా రోజులు పడుతుంది.

మా దమ్మాయిగూడ నుంచి భువనగిరి ఎంతో దూరం లేదు. రాంపల్లి మీదుగా ఘట్‌కేసర్ చేరి వరంగల్ రోడ్డు పట్టుకుంటే, బీబీనగర్ దాటాక ఆ ఏకశిల కనబడుతుంది. ఎత్తు సుమారు 500 అడుగులు. ఎక్కడ ఏముంటే అక్కడ ఆ ఆటే పుడుతుంది. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో మంచు ఉంది కాబట్టి బ్రిటిషువాళ్లు 1927లోనే స్కీ క్లబ్ పెట్టుకున్నారు. మనకు మంచెక్కడిది? ఉన్నదల్లా బండే. దాన్ని కూడా మా చుట్టుపక్కల ప్లాట్ల కోసం పగలగొడుతూనే ఉన్నాం. త్రిభువనమల్లుడనే బిరుదున్న చాళుక్య ఆరో విక్రమాదిత్యుడు భువనగిరి బండమీద కోట కట్టించాడంటారు. శత్రువుకు కాలు నిలవని ఆ నున్నటి వాలు మీదే ఇప్పుడు పిల్లలు ఫీజు కట్టి కాలు నిలపడం నేర్చుకుంటున్నారు.

ఈ బండ పేరు మోగింది 2014లో. పర్వతారోహకుడు బచినేపల్లి శేఖర్‌బాబు సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకు ఇక్కడే తొలి పాఠాలు చెప్పాడు. వాళ్లలో నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్‌కుమార్ డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ ముగించుకుని, మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. తెలంగాణ రాష్ట్రం ఆ తర్వాత ఎనిమిది రోజులకు వచ్చింది.

అయినా కోటకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెట్లెక్కి, ఫొటోలు దిగి, టిఫిన్ వేళకు వెళ్లిపోతారు. పైకి రోప్‌వే వేయాలన్న ప్రయత్నాలూ నడుస్తున్నాయి. మోకాళ్ల నొప్పులవాళ్లకు మంచిదే, కాదనను. కానీ తీగమీద వెళ్లేవాళ్లకు కింద టికెట్, పైన గాలి, అంతే. ఊళ్లో కుర్రాళ్లకు పని దొరికేది తాడు దగ్గర. కింద నిలబడి తాడు పట్టి ఎక్కేవాళ్లను కాచేందుకు మనిషి కావాలి, ముడులు సరిచూసేందుకు ఇంకొకరు కావాలి. ఖర్చు పెట్టేదేదో ముందు వాళ్ల శిక్షణకు, మంచి తాళ్లకు, మంచినీళ్లకు పెట్టమంటాను.

వెళ్లదలిస్తే చలికాలంలో వెళ్లండి, తెల్లారగానే అక్కడ ఉండండి. ఎండెక్కితే బండ కాలుతుంది, అరచేతులు చెమటపట్టి పట్టు చిక్కదు.