భుజం మెచ్చిన బేస్

అరవై దాటాక సరదాకి బేస్ గిటార్ వాయించేవాళ్లు దుకాణంలో ముందు నాదం వినరు, భుజానికి తగిలించుకుని చూస్తారు. సరైన పరీక్ష అదే: బరువే కాదు, చెయ్యి ఎంత చాచాలో కూడా తెలుస్తుంది. 1951లో ఫెండర్ కంపెనీ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి తీగ నిడివి 34 అంగుళాలు. మెడ మీది మొదటి ఫ్రెట్ల (అడ్డ మెట్ల) దగ్గర వేళ్లు బాగా చాచాలి, కీళ్లు మొరాయిస్తాయి. 30 అంగుళాల పొట్టి బేస్‌లో ఫ్రెట్లు దగ్గరపడతాయి, అవే తీగలకు బిగువూ తగ్గుతుంది. వాటిని పిల్లల వాయిద్యాలని చిన్నచూపు చూసేవాళ్లున్నారు (వాళ్ల కీళ్లు ఇంకా బాగున్నట్టున్నాయి). పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ వయొలిన్ బేస్ పొట్టిదే. లోపల డొల్ల కాబట్టి తేలిక. ఎనభై దాటినా ఆయన ఆ రకంతోనే వేదికెక్కాడు. అయితే బేస్ ఒళ్లు మరీ తేలికైతే మెడ కిందికి వాలుతుంది, ఎడమచెయ్యి దాన్ని మోస్తూ ఉండాలి. లోపలివైపు గరుకుగా ఉన్న వెడల్పాటి తోలు పట్టీ వేస్తే అంతగా జారదు.