పద్ధతిగా ఆడించిన గురువు

కాలేజీ జాతీయ టైటిల్, ఎన్‌బీఏ టైటిల్ రెండూ గెలిపించిన కోచ్ బాస్కెట్‌బాల్ చరిత్రలో ఒక్కరే: ల్యారీ బ్రౌన్. కాలేజీలో చక్రం తిప్పిన రిక్ పిటీనో అంతటివాడే ఎన్‌బీఏ జట్టు బోస్టన్ సెల్టిక్స్ దగ్గర చేతులెత్తేశాడు.

బ్రౌన్‌ది అసలైన గురుపరంపర. 1891లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఆ తర్వాత కాన్సస్ యూనివర్సిటీలో కోచ్. ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్, అలెన్ శిష్యుడు డీన్ స్మిత్, నార్త్ కరొలైనాలో స్మిత్ తీర్చిదిద్దిన గార్డు మన బ్రౌన్. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఆటగాడిగా స్వర్ణం కూడా అందుకున్నారు. ఆ ముచ్చట్లు అలా ఉంచి విద్య దగ్గరికి వద్దాం.

‘పద్ధతిగా ఆడండి’ అన్నది ఆయన మంత్రం. నీకంటే మంచి చోట నిలబడ్డవాడికి బంతి ఇవ్వాలి. ప్రత్యర్థి ఒకణ్ణి దాటుకుని వస్తే పక్కవాడు అడ్డుపడాలి, ఆ పక్కవాడు వదిలిన మనిషిని మూడోవాడు కాచుకోవాలి. ఐదుగురూ ఒకేసారి జరగాలి. చెప్పడం తేలిక, కోట్లు సంపాదించే ఆటగాళ్ల చేత చేయించడం గగనం!

1988లో బ్రౌన్ కోచ్‌గా ఉన్న కాన్సస్ ఏకంగా 11 ఆటలు ఓడి జాతీయ కాలేజీ టోర్నమెంట్‌కు వచ్చింది. అన్ని ఓటములతో అప్పటిదాకా ఎవరూ చాంపియన్ కాలేదు. ఫైనల్లో మెరుపు వేగం ఓక్లహోమాది. సగం ఆటకి 50-50. రెండో సగంలో వేగం తగ్గించి 83-79తో కాన్సస్ గెలిచింది. కాన్సస్ ఆటగాడు డ్యానీ మ్యానింగ్‌వి 31 పాయింట్లు, 18 రీబౌండ్లు. ఆహా, ఏం ఆట అది!

తర్వాత ఎన్‌బీఏలో ఫిలడెల్ఫియా జట్టు కోచ్‌గా అలెన్ ఐవర్‌సన్‌ను పాయింట్ గార్డు బరువు నుంచి తప్పించి, ఆ పని ఎరిక్ స్నోకు అప్పగించారు. గురుశిష్యుల గొడవలు లోకమంతా చూసింది. అయినా 2001లో ఐవర్‌సన్ ఎంవీపీ, బ్రౌన్ ఉత్తమ కోచ్, జట్టు ఫైనల్స్‌లో.

ఇక 2004 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో బ్రౌన్ జట్టు డెట్రాయిట్ పిస్టన్స్. అవతల లేకర్స్: షాకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్. ఇవతల డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని బెన్ వాలెస్, జట్లు మారి మారి వచ్చిన చాన్సీ బిలప్స్. ఓనీల్ మీదికి ఇద్దర్ని పంపకుండా చాలావరకు వాలెస్‌నొక్కణ్ణే నిలబెట్టారు. కోబీకి పొడుగు చేతుల టేషాన్ ప్రిన్స్‌ను అంటగట్టారు. మిగతావాళ్లు తమ మనుషుల్ని వదలనక్కర్లేకపోయింది. మూడో ఆటలో లేకర్స్ 68 పాయింట్లకే కూలారు, కోబీ చేసింది 11. సిరీస్ 4-1. మలోన్ మోకాలి గాయం వల్లే గెలిచారనేవాళ్లు ఆ సిరీస్ మళ్లీ చూడాలి.

ఊళ్లు మార్చే మనిషన్న పేరు బ్రౌన్‌కుంది, నిజమే. ఆయన కోచ్‌గా పనిచేసిన యూసీఎల్ఏ, కాన్సస్, ఎస్ఎంయూ కాలేజీలు మూడింటా నిబంధనల ఉల్లంఘనలకు శిక్షలు పడ్డాయి. న్యూయార్క్ నిక్స్‌లో 23 గెలుపులు, 59 ఓటములు. అవన్నీ లెక్కలోకి తీసుకున్నా, నేర్పే విద్యలో ఆయనకు సాటి మరొకరు లేరంటాను. కాన్సస్‌లో ఆయన దగ్గర పనిచేసిన జాన్ క్యాలిపరీ, బిల్ సెల్ఫ్ తర్వాత కాలేజీ చాంపియన్లను తయారుచేశారు. శాన్ ఆంటోనియోలో ఆయన సహాయకుడు గ్రెగ్ పొపొవిచ్ ఐదు ఎన్‌బీఏ టైటిళ్లు గెలిపించాడు.

ఇప్పుడు చూస్తే కడుపు మండుతుంది. అర నిమిషం వీడియోల్లో దూరపు షాట్లు, బంతితో గారడీ. వాటిని అనుకరించే పిల్లలకు డిఫెన్స్‌లో అడుగులు ఎలా జరపాలో ఎవరూ చెప్పరు. సైడ్‌లైన్‌లో కేకలు వేయడమే కోచింగనుకునే నకిలీ గురువులు పెరిగిపోయారు. పాస్ ఇచ్చినవాడికి వేలు చూపి కృతజ్ఞత చెప్పే మర్యాద డీన్ స్మిత్ నేర్పింది. అదీ కరిగిపోతోంది.

హైదరాబాద్‌లో గానీ డాలస్‌లో గానీ మీ పిల్లలు ఈ ఆట నేర్చుకుంటుంటే, ఆ 2004 మూడో ఆట మొత్తం కూర్చోబెట్టి చూపించండి. బంతి వెంట పోకుండా బెన్ వాలెస్ పాదాలు చూడమనండి.