తేని తెలుగు ఇళ్ళ వంశచరిత్రలు: ఎలక్ట్రానిక్ ప్రతిలో ఏది నిలుస్తుంది?

తేని జిల్లా 1996లో మదురై జిల్లానుంచి విడివడింది. అక్కడి తెలుగు ఊళ్ళు మాత్రం అంతకు కొన్ని శతాబ్దాల ముందునుంచీ ఉన్నవే. బోడినాయకనూరు జమీందారుల మూలపురుషుడు చక్కు నాయకుడు 1336లో గుత్తినుంచి తరలివచ్చాడని ఆ వంశంవారు చెప్పుకొనే సంగతిని 1906 నాటి మదురై గెజిటీరు నమోదు చేసింది. విజయనగర స్థాపనకు సంప్రదాయంగా చెప్పే సంవత్సరం కూడా 1336 కావడం విద్యార్థులు గమనించవలసిన విషయం. కాలనిర్ణయానికంటే ఒక గొప్ప రాజ్యంతో చుట్టరికం కలుపుకోడానికే ఈ సంవత్సరం ఎక్కువగా పనికివచ్చిందనిపిస్తుంది.

ఇటీవల దక్షిణాది తెలుగు కుటుంబాలలో వంశచరిత్ర రాయించుకోవాలనే కోరిక పెరిగింది. అచ్చు ఖర్చు భరించలేక కొందరు, విదేశాలలో ఉన్న పిల్లలకోసం కొందరు, ఎలక్ట్రానిక్ ప్రతి చాలునంటున్నారు. ఈ నిర్ణయాన్ని సాంకేతిక విషయంగా తీసిపారేయడం తగదు. వంశచరిత్ర అనే ప్రక్రియ స్వరూపం తెలిసినవారికి దీనిలోని ప్రమాదం వెంటనే అర్థమవుతుంది.

పాళెగాండ్ర వంశావళులు ఎవరికోసం పుట్టాయి? కర్నల్ మెకంజీ (మరణం 1821) సేకరించిన వాటిలో చాలా భాగం, తమ హక్కును కుంపిణీ దొరల ముందు నిలుపుకోవలసిన కాలంలో తయారైనవి. అందుకే వాటిలో బిరుదులు, రాజుల మెప్పులు ఎక్కువ, ఇంటి మాటలు తక్కువ. తెలుగు మూలాలున్న ఎట్టయపురం జమీందారుల చరిత్ర ‘వంశమణి దీపికై’ 1879లో తమిళంలో వెలువడింది. దానిని మంచి తమిళంలో తిరగరాస్తానని సుబ్రహ్మణ్య భారతి 1919లో జమీందారుకు లేఖ రాశాడు. ఆ తిరగరాత జరగనేలేదు.

ఇదే వలస కథ ప్రజల నోట మరోలా నిలిచింది. కన్నెపిల్లను కోరిన తురక రాజుకు భయపడి పారిపోతూంటే, వరద పొంగిన ఏటిమీద కానుగచెట్లు వంగి వంతెన అయ్యాయన్న కథను తొట్టియనుల విషయంలో థర్‌స్టన్ 1909లో నమోదు చేశాడు. తెలుగు ఇంటిలో పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్, ‘గోపల్ల గ్రామం’ (1976) నవలలో ఇటువంటి కథనే మంగత్తాయారు అనే ముసలమ్మ నోట చెప్పించాడు. ఆ నవల బలమంతా ఆ గొంతులోనే ఉంది. అచ్చు వంశచరిత్రలు రాసేవారు ఈ గొంతును ‘కట్టుకథ’ అని పక్కనబెట్టి, పేర్ల పట్టికను చరిత్ర అంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల వ్యవహారం.

ఇక ఎలక్ట్రానిక్ ప్రతి సంగతి. చాలామంది చేసే పని, పాత పుస్తకాన్ని పుటపుటా ఫోటో తీసి పీడీఎఫ్‌గా కట్టడం. అది కంటికి పుస్తకంలాగే ఉంటుంది గాని, దానిలో ఒక పేరు వెతికితే దొరకదు. యూనికోడ్‌కు ముందటి ఖతులతో కూర్చిన తెలుగు ఇంకా అన్యాయం. తెరమీద అక్షరం తెలుగే, కంప్యూటరు దృష్టిలో అవి రోమన్ అక్షరాలు. యూనికోడ్ మొదటి సంచికలోనే, అంటే 1991లోనే, తెలుగుకు చోటు దొరికింది కనుక ఈ తప్పుకు ఇప్పుడు సాకు లేదు.

అసలు చిక్కు లిపిలో ఉంది. తేని తెలుగువారిలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడినా, చదివేది తమిళమే. కాబట్టి పుస్తకం తమిళంలో రావడం సహజం, అందులో తప్పులేదు. కాని తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, త, దలకూ అంతే, ప, బలకూ అంతే. గొల్లపల్లివారు, కొల్లపల్లివారు ఆ పుటమీద ఒకే ఇంటివారైపోతారు! తమిళనాడు అలవాటు ప్రకారం పేరుకు ముందు తండ్రి పేరు పొడి అక్షరమే ఉంటుంది, సర్టిఫికెట్లలో ఇంటిపేరుకు చోటులేదు. సంబంధం చూసేటప్పుడు మాత్రం ‘మీ ఇంటిపేరేమిటి’ అని అడుగుతారు, ఒకే ఇంటిపేరుకు పెళ్ళి పొసగదు. ఇన్నాళ్ళూ ఆ తేడాను నోరు కాపాడింది. నోట తెలుగు పలచబడిన తరం తెరమీది తమిళ అక్షరాన్నే నమ్ముతుంది. అందుచేత పాఠం తమిళంలో ఉన్నా, ప్రతి ఇంటిపేరునూ, కులదైవం పేరునూ, వదిలివచ్చిన ఊరి పేరునూ పక్కన తెలుగు లిపిలో ఇవ్వడం కనీస ధర్మమని నా అభిప్రాయం.

బజారు కూడా మనకు అనుకూలంగా లేదు. 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలు ప్రవేశపెట్టినప్పుడు తమిళం ఉంది, తెలుగు లేదు. ఏ ఒక్క అంగడికీ కట్టుబడని ఈపబ్ రూపమే ఇటువంటి పుస్తకానికి మేలు. అక్షరాల పరిమాణం పెంచుకొని పెద్దవారూ చదువుకోవచ్చు. 2011లో వచ్చిన ఈపబ్ మూడో రూపంలో ధ్వనిని కూడా పొదగవచ్చు. అంటే కానుగచెట్ల కథను అవ్వ తన తెలుగులోనే చెబుతుంది, కింద తమిళ పాఠం ఉంటుంది. ఇద్దరు అవ్వలు రెండు విధాలుగా చెబితే రెండూ ఉంచవచ్చు. పుటల కొరత అనే నెపంతో వదిలేసిన ఆడపడుచుల సంతతికీ ఇక చోటు లేదనడానికి వీల్లేదు.

ఒక జాగ్రత్త. కులదైవం కొలుపులో పంచిన పుస్తకం బంధువుల ఇళ్ళలోనే ఉంటుంది, ఫైలు ఎక్కడికైనా పోతుంది. బతికి ఉన్నవారి పుట్టినతేదీలు, చిరునామాలు ఇంటి ప్రతిలో ఉంచి, బయటి ప్రతిలో తీసివేయాలి.

ఇంతవరకు చెప్పినదంతా ఏదో ఒక వంశావళి ఉన్న ఇళ్ళ గురించే. ఈ జిల్లాలలోనే తెలుగు మాట్లాడే అరుంధతియర్ కుటుంబాలున్నాయి. వారి పూర్వులకోసం ఏ కరణమూ తాటాకు పట్టలేదు, ఏ కవీ దీపిక రాయలేదు. ఇప్పుడు ఒక ఫోను, ఒక పెద్దమ్మ, రెండు సాయంకాలాలు ఉంటే పని మొదలవుతుంది. మదురైలోనో, కోయంబత్తూరులోనో చదువుతున్న మన విద్యార్థులు సెలవులలో ముందుగా వెళ్ళవలసింది ఆ ఇళ్ళకే.