పెరటి మిరపకి ఒక దండం

దండం నీకు, మిరపా! తెల్లటి చిన్న పూవై తల దించుకుని, కాయవయ్యాక ఇల్లంతటికీ చెమట పట్టించే తల్లీ! పోర్చుగీసు ఓడలు నిన్ను ఈ తీరానికి తేకముందు మా వంటింట్లో ఘాటంటే మిరియమే. నిన్నగాక మొన్న వచ్చిన కోడలివి, ఇవాళ పెత్తనమంతా నీదే.

ఒక్క పెరట్లో ఎన్ని రూపాలు నీకు! సన్నగా కొసదేరి వేలాడితే తేజవి. పప్పులో రెండు కాయలు చాలు. లేతాకుపచ్చగా, వేలి లావున పొడుగ్గా సాగితే బజ్జీ కాయవి. నిలువునా చీరి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కూరి శనగపిండిలో ముంచాలి. గుండ్రంగా టమాటాని తలపిస్తే వరంగల్ చపాటావి. రంగు దండిగా ఇస్తావు, మంట తక్కువ. ఆకాశంకేసి నిక్కి నిలబడ్డ చిట్టి కాయవా, నీ దగ్గర చనువు పనికిరాదు. అరకాయతో మొదలుపెడతాం.

అయినా రూపం చూసి నిన్ను నమ్మేదెలా? పక్కపక్క కుండీల మధ్య తేనెటీగ తిరిగిందంటే, దాచుకున్న బజ్జీ గింజ మరుసటేడు కళ్ళనీళ్ళు పెట్టించే కాయ కాయొచ్చు. నీ మంట గింజల్లో ఉందంటారు గానీ, అసలు నివాసం గింజలు అంటుకున్న ఆ తెల్లటి ఈనెలో. పిట్టకి ఆ మంట తగలనే తగలదు. హాయిగా తిని, నీ గింజల్ని దూరదూరాలకు మోసుకుపోతుంది. నములుతూ గింజ నలిపేసే మా బోటి వాళ్ళకే ఆ కాపలా.

పండి ఎర్రబడ్డ రోజున నీకు జరగాల్సిన పూజ కొరివికారం. తొడిమలతోనే కడిగి, తడి లేకుండా గుడ్డ మీద ఆరబెట్టి, అప్పుడు తొడిమలు తుంచాలి. ఉప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, నడుమ చింతపండు పెట్టి, జాడీలో అదిమి మూడు రోజులు మరిచిపోవాలి. ఊట దిగి చింతపండు మెత్తబడ్డాక మళ్ళీ నూరి, మెంతిపిండి కలపాలి. మిక్సీలో వెన్నలా తిప్పితే అది కొరివికారం కాదు, ఎర్ర ముద్ద. కావలసినంత తీసి ఇంగువ తాలింపు వేస్తే, ఆహా, వేడన్నం సిద్ధంగా ఉండాలి! నీళ్ళకి లొంగని దానివి, నెయ్యికి మెత్తబడతావు. మిగిలిన పచ్చికాయలకి పుల్లమజ్జిగ, ఎండ. వానాకాలం పప్పన్నంలోకి చల్లమిరపకాయలు.

కాయలు కోసిన చేత్తో కళ్ళు నలుపుకోకండి, అయ్యలారా, అమ్మలారా. ముందు కాస్త నూనె రాసి రుద్దుకుని, ఆ తరవాత సబ్బుతో కడుక్కోండి.