విశ్వవిద్యాలయ సదస్సులు - పత్రసమర్పణ విమర్శనము

శాస్త్రమున నొకమాట సిద్ధాంత మనిపించుకొనుటకు దానిఁ జెప్పినవాఁ డొక్కఁడు చాలఁడు. దానిఁ బరీక్షించినవాఁడును గావలయును. పాణినీయమునకుఁ గలిగిన ప్రామాణ్యము సూత్రకారుని ప్రతిభ యొక్కదానివలనఁ గలిగినది కాదు. సూత్రములలోఁ జెప్పఁబడినది, చెప్పఁబడనిది, సరిగాఁ జెప్పఁబడనిది యని విడఁదీసి కాత్యాయనుఁడు పరిశీలించెను. ఆ వార్తికములను బతంజలి మరలఁ బరీక్షించి, కొన్నిచోట్ల వార్తికకారునితో నేకీభవించి, కొన్నిచోట్ల సూత్రమునే నిలువఁబెట్టెను. ఇట్లు ముగ్గురి పరీక్షకు నిలిచినందువలననే యా శాస్త్రము త్రిమునివ్యాకరణ మని ప్రసిద్ధి గన్నది. నేఁడు విశ్వవిద్యాలయములలో నట్టి పరీక్షకు స్థానముగా నేర్పడినది సదస్సు. పరిశోధక విద్యార్థి తన పరిశ్రమఫలమును గ్రంథరూపమునఁ బరీక్షకుల కొప్పగించుటకు ముందు, తోడివారి యెదుటను బెద్దల యెదుటను నుంచి తప్పొప్పులు తెలిసికొనుట దాని ప్రయోజనము. ఆ ప్రయోజనము తెలుఁగుశాఖల సదస్సులలో నెంతవఱకు నెఱవేఱుచున్నదో విమర్శింపఁదగియున్నది.

మొదట శబ్దవిచారము. 'సదస్' శబ్దము కూర్చుండుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది; పలువురు కూడి కూర్చుండి విచారించు చోటని తాత్పర్యము. 'సెమినారు' అను నాంగ్లశబ్దమునకు మూలము లాటినుభాషలోని 'సెమినారియుమ్'. విత్తులు చల్లి మొలకలు పెంచు మడి యని దాని యర్థము. మన రైతు నారుమడి యనునదే యది. రెండు మాటలయందును 'నారు' అను వర్ణములు కనఁబడుట కాకతాళీయము. సామ్యముఁ జూచి సంబంధముఁ గల్పించుట నిరుక్తము గాదు. నారుమడిలోని మొక్క యక్కడనే పండవలసినది కాదు; పెఱికి వేఱొకచోట నాటుటకుఁ దగిన బలము దాని కక్కడఁ గలుగవలయును. ఇఁక 'పత్రసమర్పణము' అను మాట. సమర్పించుట దేవతకుఁ జేయు పని. దేవత పత్రమును గ్రహించునే కాని ప్రశ్న వేయదు. 'ఉపన్యాసము' అను పదమునకు దగ్గఱ నుంచుట యని యవయవార్థము. దగ్గఱ నుంచినదానిఁ జేతఁ బట్టి త్రిప్పి చూడవచ్చును, కాదనవచ్చును. పేరు మాఱుటచేతనే పని మాఱిన దనుట యతిశయోక్తి యగును. కాని నేఁటి సదస్సులలోఁ బెక్కుచోట్ల జరుగుచున్నది సమర్పణమే కాని యుపన్యాసము కాదు.

ఈ స్థితికిఁ గారణములలో నొకటి నిర్బంధము. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లోఁ జేసిన నియమముల ప్రకారము, పిహెచ్.డి. విద్యార్థి సిద్ధాంతగ్రంథము నొసఁగుటకు ముందు పండితపరిశీలన గల పత్రికలో నొక వ్యాసమును బ్రకటింపవలసియుండెను. 2016 నియమములు దానికిఁ దోడు రెండు సదస్సులలోఁ బత్రములు చదువవలెనని విధించినవి. ఉద్దేశము మంచిదే. కాని ఫలాపేక్షతోఁ జేయవలసిన కర్మ, చేయకున్నచో దోషము వచ్చునన్న భయముతో మాత్రమే చేయు నిత్యకర్మగా మాఱినది. విద్యార్థికిఁ గావలసినది ప్రశ్న కాదు, యోగ్యతాపత్రము. నిర్వాహకులకుఁ గావలసినది విచారణ కాదు, పత్రముల సంఖ్య. ఇరువది నిమిషములని ప్రకటించిన కాలము పదియై, భోజనవేళ సమీపించినకొలఁది యైదై, తుదకు సారాంశము చెప్పి ముగింపుఁడని యధ్యక్షుఁడు గంట మ్రోగించుటతోఁ దీఱును. మొదట నూడిపోవునది ప్రశ్నలకై విడిచిన కాలమే. ఏ యంగమునకై సభ కూడినదో యా యంగమే లోపించును.

2022 నవంబరులో వెలువడిన నియమములు వ్యాసప్రకటనమును, పత్రపఠనమును దప్పనిసరి యను నిర్బంధమును దొలఁగించినవి. ఇది మేలే, కాని నిర్బంధము తొలఁగినంతనే యలవాటు తొలఁగదు. పైఁగా నొక క్రొత్త యపాయము కలదు. నిర్బంధమున్నంతకాలము పేరునకైనను జరిగిన సభలు, అది పోయిన పిమ్మట మొత్తమునకే మానిపోవచ్చును. కావున నిప్పుడు విచారింపవలసినది సదస్సు లెన్ని జరుగవలయు నని కాదు, జరిగిన సదస్సులో నేమి జరుగవలయు నని.

పత్రములయందలి దోషములలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది విషయాతివ్యాప్తి. 'తెలుఁగుసాహిత్యమున స్త్రీ', 'ఆధునికకవిత్వము - సామాజికస్పృహ' వంటి శీర్షికలు వేయిపుటల గ్రంథమునకును జాలవు. పది నిమిషములలోఁ జదువఁబడునది వాని నామకీర్తనము మాత్రమే. రెండవది చర్వితచర్వణము. కవి జననము, వంశము, కృతుల పట్టిక, బిరుదములు - ఇవి యెవ్వరికిఁ దెలియవో వారు సభకు రారు. సభకు వచ్చినవారి కవి తెలియును. ఇతరుల వాక్యముల నపహరించుటను గూర్చి 2018లో నిధుల సంఘము చేసిన నియమములు కలవు. సామ్యము నూటికి 10 వఱకున్నచో దండనము లేదు. 10కి మించి 40 వఱకున్నచో సవరించి గడువులోఁ దిరిగి యొసఁగవలయును. 60కి మించినచో నమోదే రద్దగును. కాని యంత్రము వాక్యసామ్యమును లెక్కించునే కాని భావచౌర్యమును లెక్కింపదు. మాటలు మార్చి చెప్పిన పాతసంగతి యంత్రమునకుఁ గ్రొత్తది. సభలోని పండితునకుఁ బాతదే. ఆ దోషమును బట్టఁగలిగినది ప్రశ్న యొక్కటియే.

మూఁడవది నిరుక్తాభాసము. గ్రామనామములను, జాతినామములను నోటికి వచ్చినట్లు విడఁదీసి, ధ్వనిసామ్యమే ప్రమాణముగా నెక్కడి సుమేరుభాషకో ముడిపెట్టుట యిప్పటికిని దఱచుగాఁ గనఁబడుచున్నది. వర్ణపరిణామమునకు నియమము చూపని వ్యుత్పత్తి ప్రాసక్రీడయే కాని పరిశోధనము గాదు. నాలుగవదియు, అన్నిటికిని మూలమైనదియు, పూర్వపక్షరాహిత్యము. తన మాటకు విరుద్ధముగా నేమి చెప్పవచ్చునో యెఱుఁగనివాఁడు తన మాటను గూడ నెఱుఁగఁడు.

విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి యని మీమాంసకు లధికరణమునకుఁ జెప్పు నైదంగములు స్వల్పకాలపు పత్రమునకుఁ గొలిచి కుట్టించినట్లు సరిపోవును. ఒక యుదాహరణముఁ జూడుఁడు. ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతమున రచింపఁబడిన తెలుఁగు వ్యాకరణము; 11వ శతాబ్దివాఁడైన నన్నయభట్టు కృతి యని ప్రతీతి. ఇది విషయము. అది నన్నయ రచించినదేనా యనునది సంశయము. 17వ శతాబ్దిలో నెలకూచి బాలసరస్వతి దానికి టీక రచించినాఁడు. అప్పకవి దానిని నన్నయకృతిగానే గ్రహించి, భీమకవి దానిని గోదావరిలోఁ గలపఁగా సారంగధరుని ధారణవలన నిలిచినదని కథ చెప్పినాఁడు. కావున నన్నయకృతమే యనుట పూర్వపక్షము. దీనికి ప్రత్యుత్తరముగా, 13వ శతాబ్దిలోఁ దిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన, ఆంధ్రభాషాభూషణమునఁ దనకు ముందెవ్వరును దెలుఁగునకు లక్షణముఁ జెప్పలేదని స్పష్టముగాఁ జెప్పియున్నాఁడు.

ఇంతవఱకుఁ జెప్పి కూర్చుండువారు కలరు. కాని విచారణ యిక్కడ మొదలగుచున్నది. గ్రంథము మఱుఁగుపడిన దని కథయే చెప్పుచున్నదిగదా, కేతన యెఱుఁగకపోవుట వింతయా యని ప్రతివాది యడుగును. ఒక వస్తువు కనఁబడకపోవుటకు హేతువుఁ జెప్పు కథ, ఆ వస్తువున్నదనుటకుఁ బ్రమాణము కాజాలదు. ఆ కథయు నన్నయకుఁ బెక్కు శతాబ్దుల తరువాతనే వినఁబడుచున్నది - అని సమాధానము. అయినను నిజాయితీగల పరిశోధకుఁ డింకొక యడుగు వేయవలయును. కేతన మాటవలనఁ దేలునది యా గ్రంథము 13వ శతాబ్దిలో నతనికిఁ దెలియదని మాత్రమే. అది యెప్పుడు పుట్టినదో దానివలనఁ దేలదు. అందులకుఁ జింతామణి విధించిన సంధికార్యములను, విభక్తిరూపములను నన్నయ భారతభాగమునందలి ప్రయోగములతోఁ బోల్చి చూడవలయును. ఇఁక సంగతి: కర్తృత్వము తేలనంతవఱకుఁ జింతామణి సూత్రమును జూపి నన్నయ భాష యిట్టిదని సాధించుట సాధ్యసమ మగును. ఇది యంతయు నిరువది నిమిషములలోఁ జెప్పవచ్చును. ఇందుఁ గ్రొత్తగాఁ గనుఁగొన్నది స్వల్పమైనను, ఏ ప్రమాణ మెంత బరువు మోయునో విద్యార్థి నేర్చును. సదస్సు నేర్పవలసిన విద్య యదియే.

చెప్పు తీరునుగూర్చి యొకటి రెండు మాటలు. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండ్ విశ్వవిద్యాలయము, మూఁడు నిమిషములలో నొకే నిశ్చలచిత్రము సాయమునఁ బరిశోధనసారమును సామాన్యులకుఁ దెలుపు పోటీ నారంభించెను. అది పలుదేశములకు వ్యాపించినది. సంగ్రహముగాఁ జెప్పుట నేర్చుకొనుటకు మంచి సాధనమే. సూత్రకారుల సంప్రదాయమునఁ బెరిగినవారి కది క్రొత్తయుఁ గాదు. కాని సంగ్రహమునకు వెనుక వృత్తి, భాష్యము లుండవలయును. తెరమీఁదఁ బ్రదర్శించిన పంక్తులనే తలయెత్తక చదువుట సంగ్రహమును గాదు, వివరణమును గాదు.

ప్రశ్నించువారి దోషములు చెప్పువారి దోషములకంటెఁ దక్కువవి కావు. తత్త్వము తెలియఁగోరి చేయునది వాదము. గెలుపు గోరి చేయునది జల్పము. స్వపక్షము నిలుపక పరపక్షమును ఖండించుట మాత్రమే వితండ. ఇరువదియైదేండ్ల విద్యార్థిమీఁద జల్పము సాగించి గెలిచిన పెద్దకు వచ్చు కీర్తి యెంత? మఱికొందఱు దీనికి మాఱుగాఁ బ్రతిపత్రమును 'ఉత్తమోత్తమ' మని పొగడి పంపుదురు. నిందవలన విద్యార్థి బెదరును; పొగడ్తవలన మోసపోవును. విద్యార్థి నడిగిన ప్రశ్నకుఁ బర్యవేక్షకుఁడు లేచి సమాధానము చెప్పుటయుఁ దగదు. అది శిష్యునిఁ గాపాడుటవలెఁ గనఁబడి, తన నోటితోఁ దన మాటను నిలుపుకొను నవకాశమును హరించును.

విద్యార్థులు ప్రారంభకులుగదా, ఇంతటి పరీక్షకుఁ దట్టుకొందురా యని శంక కలుగవచ్చును. ఇంటిలోఁ జదువుకొన్నవారెవ్వరును లేక, పల్లెనుండి వచ్చి, మొదటిసారి సభలో నిలిచి గొంతు వణఁకుచున్నవారు వీరిలోఁ బలువురు. వారియెడల దయ యవసరమే. కాని ప్రశ్నింపకుండుట దయ కాదు. సదస్సులో నడుగని ప్రశ్నను రేపు మౌఖికపరీక్షలోఁ బరీక్షకుఁ డడుగును. అప్పటికి గ్రంథము బైండు చేయఁబడియుండును. నారుమడిలో నెండ తగులని మొక్క పొలములో వాడును. మృదువుగా నడిగిన కఠినప్రశ్నయే నిజమైన దయ.

దీనికిఁ గ్రొత్త నిబంధనములక్కఱలేదు. గ్రంథసమర్పణమునకు ముందు పరిశోధనసలహాసంఘము నెదుట, అధ్యాపకులును దోడి పరిశోధకులును వినునట్లు విద్యార్థి తన పని వివరింపవలెనని 2022 నియమములలోనే యున్నది. ఆ దినమున నైదాఱు పత్రములకు మాఱుగా నొక్కదానినే గైకొని, వారము ముందుగాఁ దోడి విద్యార్థి యొకని చేతికిచ్చి, పూర్వపక్షము నతనిచేఁ జెప్పింపవచ్చును. అడుగుటయు, బదులు చెప్పుటయు నిద్దఱికిని నొక్కమాఱే యలవడును. వార్తికకారుఁడు సూత్రకారునకు శత్రువు గాఁడు; అతని ప్రశ్నలకు నిలిచినందువలననే సూత్రము నేఁటికిని నిలిచినది.